విడుపు మావయ్య

ప్రియమైన డ్రైవరుగారికి,

ముందుగా, ఈ ఉత్తరాన్ని మీకంటే ముందు చదివే అయ్యగారికి నమస్కారం. అయ్యా, ఇందులో మొగుడూ పెళ్ళాల కబుర్లు తప్ప ఏమీ ఉండవు. విసుగు పుడితే మన్నించండి.

ఇక మీకు. నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే, కుక్కిన పేనులా ఉన్నాను. ఇంటావిడ మెట్ల దగ్గర కాపు కాసి మరీ "మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా?" అంటుంది. దూరాన ఉద్యోగం, సెలవు దొరకదు అంటాను. ఏం ఉద్యోగమంటే ఒకసారి గోదాము అన్నాను, ఇంకోసారి ఓడరేవు అన్నాను. ఆవిడ రెండూ గుర్తు పెట్టుకుంది. స్కూల్లోనూ ఇదే పాట. మీరు జైల్లో ఉన్నారని ఇక్కడ ఒక్కరికీ తెలియదు. తెలిసిందంటే, ఏడాదికోసారి పొడిగించే నా లైబ్రరీ ఉద్యోగం ఈసారి పొడిగించరు. అందుకే ఎవరు కొంచెం గట్టిగా పిలిచినా తేలు కుట్టిన దొంగలా ఉలిక్కిపడుతున్నాను.

అసలు సంగతి చెప్పాలి. పెద్ద మేడం పిలిచి, "పిల్లలు లైబ్రరీకి కబుర్లాడుకోవడానికే వస్తున్నారు. ఏదైనా చేసి చూపించు. లేకపోతే ఆ గది మళ్ళీ ఆటసామాన్లకి ఇచ్చేస్తాను" అన్నారు. నోటికొచ్చింది అనేశాను: "పిల్లల చేత కవితలు రాయిస్తాను మేడం. ఏడాది చివర పుస్తకం వేద్దాం."

అన్నంత తేలిక కాదని మొదటి రోజే తెలిసింది. వచ్చినవన్నీ చందమామలే. అమ్మ గొప్పది, చెట్టు గొప్పది, చదువు గొప్పది. ఏ ఒక్కడూ తన కళ్ళతో చూసింది రాయలేదు. విసిగిపోయి ఒక నియమం పెట్టాను. దేని గురించైనా రాయండి, దాని పేరు మాత్రం చెప్పకూడదు. కవిత పొడుపు, చదివినవాడు చెప్పేది విడుపు. చిన్నప్పుడు పొడుపుకథలు వేసుకున్నట్టే. రాసేది పాత కేటలాగు కార్డుల వెనక. అరచేయంత కాగితం కాబట్టి గొప్పతనాలకి చోటుండదు.

చిక్కేమిటంటే వీళ్ళంతా ఒకే వీధి పిల్లలు, ఒకరి విడుపు ఒకరికి ముందే తెలిసిపోతోంది. ఇవేవీ చూడని మనిషి చదివి చెప్పాలి. "మా ఆయనకి పంపిస్తాను" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే మీకు పేరు పెట్టేశారు: విడుపు మావయ్య. ఏ ముహూర్తాన పెట్టారో! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడు కార్డులు పంపుతున్నాను. మొదటిది, వాగుడుకాయ అయిన చిటపట అనే పిల్లది:

పగలంతా ఖాళీగా ఉంటుంది,
రాత్రి అమ్మ తల మోస్తుంది.
అమ్మ ఏడ్చిందని దానికి తెలుసు.
ఎండలో వేసి కొట్టినా చెప్పదు.

రెండోది, బొద్దుగా ఉండే బూరెబుగ్గలవాడిది:

కొట్టేదాకా నోరు విప్పదు,
విప్పితే బడంతా పరిగెడుతుంది.
పొద్దున అరిస్తే ఏడుపొస్తుంది,
సాయంత్రం అరిస్తే నవ్వొస్తుంది.

మూడోది, నెమ్మదిగా రాసే నత్త అనేవాడిది:

ఇంట్లో అన్నిటికంటే చిన్నది,
ఇంటికంతటికీ పెద్దది.
లోపలివాళ్ళ మాటే వింటుంది,
బయటికి రాజొచ్చినా లేవదు.

విడుపులు రాయను, నియమం. తొందరగా జవాబివ్వండి.

మీ
పుస్తకాలమ్మ


ప్రియమైన పుస్తకాలమ్మకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు మా గదిలో గొడవే గొడవ. నలుగురం నాలుగు విడుపులు చెప్పాం. మా గదిలోనే ఉంటూ చెక్కపని దగ్గర నా పక్కన రంపం లాగే ముసలాయన, మామూలుగా తుమ్మడానికి కూడా నోరు తెరవడు. ఆయన కూడా మధ్యాహ్నమంతా గొణుక్కుంటూనే ఉన్నాడు.

మొదటిది దిండు. చదవగానే తెలిసిపోయింది. వాళ్ళమ్మ ఎందుకు ఏడ్చిందో ఆ పిల్లని అడగొద్దు. రాసింది చాలు. ఉత్తరాలు చదివే కళ్ళజోడు అయ్యగారు కార్డు అంచున పెన్సిలుతో "కుర్చీ?" అని రాశారు. అయ్యగారూ, అమ్మ తల కుర్చీ ఎలా మోస్తుందండీ? పోనీలెండి, రెండోదానికి చూద్దాం.

రెండోది గంట. కానీ బూరెబుగ్గలవాడితో చెప్పు, చివర్లో పొద్దునా సాయంత్రం తారుమారు రాశాడు. పొద్దున గంట కొడితే కదా నవ్వొచ్చేది, సాయంత్రం కొడితే కదా మనసు చచ్చిపోయేది. సరిదిద్దుకోమను.

మూడోది మాత్రం నా వల్ల కాలేదు. లోపలివాళ్ళ మాట వినేది ఈ లోకంలో ఏముంటుంది? కడుపు అనుకున్నాను, అదీ వినదు. ముసలాయన నిద్ర అన్నాడు, అదసలే వినదు. ఆ పిల్లవాడు గట్టివాడు. ఓడిపోయానని చెప్పు.

నేను ఉన్నాను. లారీ నడిపేటప్పుడు దారి మూసేస్తే రివర్సు చేసుకుని ఇంకో దారిన పోయేవాణ్ణి. ఇక్కడ రివర్సు గేరే లేదు. నా బండి కింద ఒక మనిషి పోయాడు కాబట్టి ఇక్కడున్నందుకు ఎవరి మీదా నిష్ఠూరం లేదు. కానీ నువ్వు ఏ తప్పూ చేయకుండా నాతో పాటు మూతపడి ఉన్నావు చూడు, అది మింగుడుపడదు.

మంచి నడవడిక ఉన్నవాళ్ళని ముందుగా వదిలే జాబితాలో ఈసారి నా పేరు ఉంటుందంటున్నారు. ఆశపడకు. ఆశపడకుండానూ ఉండకు.

ఇంకా పంపు. ఇవి చదువుతున్నంతసేపూ మీ వీధిలో తిరుగుతున్నట్టుంది.

నీ
డ్రైవరు


ప్రియమైన విడుపు మావయ్యగారికి,

ఇక మీకు ఇదే పేరు. మీ జవాబు పిల్లలకి చదివి వినిపించాను. "దిండు" అనగానే చిటపట గదంతా గంతులేసింది. మీరు చెప్పినట్టే నేనేమీ అడగలేదు.

తొందరపాటులో గంట సంగతి కూడా చదివేశాను. అదే తప్పయింది. బూరెబుగ్గలవాడికి కోపమొచ్చింది. "తారుమారు ఎలా అవుతుంది మేడం? పొద్దున గంటకి ఎవరైనా నవ్వుతారా?" అన్నాడు.  "ఆయనది రాత్రి డ్యూటీరా" అన్నాను. "మరి మూడోది ఎందుకు చెప్పలేకపోయారు? గడియే కదా మేడం, తలుపు గడియ!" అన్నాడు నత్త. వాడంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. చిన్నపిల్లలకి కూడా తెలిసేది మావయ్యకి తెలియలేదని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి లోపలినుంచి గడియ వేసుకుంటుంటే చెయ్యి ఆగిపోయింది. మీకక్కడ అది లేదన్న సంగతి నాకు మాత్రం ఎప్పుడు తట్టింది కనక!

పని మాత్రం బాగా సాగుతోంది. మీరు చిటికెలో చెప్పేసినవి మరీ సులువని తిరగరాస్తారట. అసలు చెప్పలేనివి పక్కన పెడతారట. కొంచెం ఆలోచించి చెప్పినవాటికి లైబ్రరీ ముద్ర వేస్తాను. ఆ ముద్ర కోసం కొట్టుకుంటున్నారు. మీరొక్కరే ఇంతమంది చేత కాగితం మీద కళ్ళు తెరిపిస్తున్నారు, తెలుసా?

చిటపట కొత్తది రాసింది. ఇది చెప్పండి చూద్దాం:

గోడకి ఒక దారి ఉంది, తాళం లేదు.
మీసాలాయన ఎదురుగా కాపలా.
ఆయన కునుకు తీసేదాకా ఆగి
సన్నగా ఉన్నవాడు బయటపడతాడు.
ఈ రోజే. చప్పుడు చేయకండి.

మీ
పుస్తకాలమ్మ


ప్రియమైన మీకు,

జవాబు లేదు. ఒంట్లో బాగుండలేదా? నా మీద కోపమా? గడియ సంగతి రాసి మిమ్మల్ని నొప్పించానా? పోస్టు డబ్బా తెరవడం, మూయడం, నాకిదే పనైపోయింది. ఇంటావిడ కూడా "ఉత్తరం రాలేదా?" అని అడగడం మానేసింది. అడిగినప్పుడే నయంగా ఉండేది.

పిల్లలు రోజూ నా మొహం చూసి, ఏమీ అడక్కుండా కూర్చుంటున్నారు. చిటపట కూడా నోరు మెదపడం లేదు. అది మరీ భయంగా ఉంది.

పెద్ద మేడం కవితలు చదివి ముచ్చటపడ్డారు. అచ్చుకి ఇవ్వమన్నారు. విడుపులన్నీ చివరి పేజీలో తలకిందులుగా వేయిస్తున్నాం. అంతవరకూ బాగానే ఉంది. "పుస్తకం విడుదలకి మీ ఆయన్ని తప్పకుండా రమ్మను" అన్నారు. ఎవరి విడుదలకి ఎవరు రావాలి! సరేనన్నాను. ఇంకేమంటాను?

అయ్యగారూ, ఈ ఉత్తరం మీ దగ్గరే ఆగిపోతుంటే, ఆయన బతికి ఉన్నారని ఒక్క ముక్క రాయండి. మీ పెన్సిలుతోనే రాయండి.

మీ
పుస్తకాలమ్మ


ప్రియమైన పుస్తకాలమ్మకి,

బతికే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది. సంగతి నీకు తెలియజేయడానికి ఈ ఒక్క కాగితం ఇచ్చారు. నీ ఉత్తరాలు రెండూ ఇవాళే ఒకేసారి చేతికొచ్చాయి.

చిటపట కవిత కళ్ళజోడు అయ్యగారిని దాటి పైకి వెళ్ళింది. గోడకి దారి ఉందిట. కాపలావాడు కునుకు తీస్తాడట. సన్నగా ఉన్నవాడు బయటపడతాడట. అదీ ఈ రోజేనట! మా గదికి కాపలా ఉండేది పెద్ద మీసాలాయనే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన అది అయ్యగారి బల్ల మీద చూసి నేరుగా తీసుకెళ్ళి పెద్దాఫీసరుకి చూపించాడు. మా గదిలో సన్నగా ఉన్నది నేనొక్కణ్ణే. గోడలన్నీ తట్టి చూశారు. మంచం జరిపారు. ముసలాయన పక్కబట్టలు కూడా దులిపారు.

"అయ్యా, ఇది ఎలక కన్నం, మీసాలాయన పిల్లి" అన్నాను. "మరి ఎలకని ఎలక అని రాయొచ్చుగా? పేర్లు చెప్పకుండా ఏమిటీ మాటలు?" అన్నారు. "అదే నియమమండీ" అన్నాను. దాంతో ఇంకా చెడింది.

జాబితాలో నా పేరు పక్కన గీత పెట్టారు. ఇవి నిజంగా బడిపిల్లలు రాసినవేనని బడి పెద్ద సంతకం, ముద్ర వేసి రాసిస్తే గీత తీసేస్తారు. ఏ బడి అని ఎన్నిసార్లు అడిగినా నేను పేరు చెప్పలేదు. నీ ఉత్తరాల మీద ఇంటి చిరునామానే ఉండటం మంచిదయింది.

ఇప్పుడు నా మాట విను. నువ్వు మీ మేడం దగ్గరికి వెళ్ళొద్దు. వెళ్తే నీ ఉద్యోగం పోతుంది, పిల్లల పుస్తకం ఆగిపోతుంది. ఇక్కడ ఉండటం నాకు అలవాటైపోయింది. ఇంకొన్నాళ్ళు ఉంటే నేనేం అరిగిపోను. ఇది నా పట్టు. నీకు పట్టూ విడుపూ రెండూ తెలుసు, ఈ ఒక్కసారికి నా పట్టే సాగనివ్వు.

పిల్లలకి మావయ్యకి పని ఎక్కువైందని చెప్పు. ఇక కవితలు పంపకు.

నీ
డ్రైవరు


ప్రియమైన మీకు,

మీ మాట వినలేదు. ముందే చెప్పేస్తున్నాను, తరవాత తిట్టుకుందురు గాని.

మీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్ళు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే నా గది పోతుంది, చెప్పకపోతే మీ తలుపు మూసుకుపోతుంది. లైబ్రరీ కిటికీలకి బంతులు తగలకుండా ఇనప ఊచలున్నాయి. ఇన్నాళ్ళూ వాటిని పట్టించుకోలేదు. ఇప్పుడు తలెత్తితే అవే. బీరువాలో పుస్తకాలు సర్దడం, తీయడం, మళ్ళీ సర్దడం. ఒకే వరస నాలుగుసార్లు సర్దానేమో, నాకే తెలియదు. మీ మీద కోపమొచ్చింది. త్యాగాలు మీరొక్కరే చేయగలరా? నన్ను అడిగారా?

అప్పుడే అచ్చాఫీసు నుంచి పుస్తకం నకలు వచ్చింది, తప్పులు దిద్దడానికి. దిద్దుకుంటూ చివరికొచ్చేసరికి, నేను ఇవ్వని కవిత ఒకటి కనిపించింది. పిల్లలు కట్టలో దూర్చేశారు. చదవండి:

పొద్దున గంట కొడితే ఆయన నవ్వుతాడు,
సాయంత్రం కొడితే మాట్లాడడు.
మా దిండు తెలుసు, మా గంట తెలుసు,
గడియ ఒక్కటీ తెలియదు.
ఆయన ఉన్న చోటు మాకు తెలుసు.
అడక్కండి. పేరు చెప్పకూడదు.

 పిల్లల్ని పిలిచాను. "ఎవరు రాశార్రా ఇది?" అంటే అందరూ చేతులెత్తారు. "ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను. "గడియ అప్పటినుంచి మేడం" అన్నాడు నత్త. "పొద్దున గంటకి తలుపు తీస్తారని సంతోషించేవాళ్ళూ, లోపల గడియ లేనివాళ్ళూ ఉండే చోటు ఒకటేగా."

"ఎవరికైనా చెప్పారా? ఇంట్లో?"

చిటపట నన్ను వింతగా చూసింది. "ఎందుకు చెబుతాం మేడం? పేరు చెప్పకూడదని మీరేగా అన్నారు!"

ఊళ్ళో వాగుడుకాయలన్నిటికీ రాణి ఆ పిల్ల. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకుంది. మీ ఉత్తరాలు రాని రోజుల్లో అందరూ నోరు మూసుకుని కూర్చున్నది అందుకేనని అప్పటికి నా బుర్రకెక్కింది. వాళ్ళ ముందే ఏడ్చేశాను. బూరెబుగ్గలవాడు తన జేబురుమాలు ఇచ్చాడు, అది ఎంత మురికిగా ఉందో చెప్పను.

ఆ కాగితం పట్టుకుని నేరుగా పెద్ద మేడం గదిలోకి వెళ్ళాను. అంతమంది పిల్లలు నిలబెట్టిన నియమం తప్పింది నేనొక్కదాన్నే. పేరు చెప్పేశాను. జైలు అన్నాను. మా ఆయన అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇన్నాళ్ళూ మా పిల్లల చేత జైలుకి ఉత్తరాలు రాయించావా?" అన్నారు.

"ఉత్తరాలు కాదు మేడం, కవితలు."

"మాటలు మార్చకు. తల్లిదండ్రుల కమిటీకి తెలిస్తే ముందు నన్ను నిలదీస్తారు. నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

"చెబితే ఉంచేవారా మేడం?"

ఆవిడ నా చేతిలో కాగితం తీసుకున్నారు. పిల్లల కవిత చదివారు. మళ్ళీ చదివారు. తరవాత లెటర్‌హెడ్ తీసి, ఇవన్నీ మా లైబ్రరీలో మా పిల్లలు రాసినవే, ఎలక కన్నం గురించి రాసినది కూడా ఇందులోదే అని సొంత దస్తూరీతో రాసి, ముద్ర వేశారు. ముద్ర ఎంత గట్టిగా కొట్టారంటే ఇంకుబుడ్డి ఎగిరింది.

"వచ్చే ఏడాది నీ ఉద్యోగం సంగతి మాత్రం నేను మాటివ్వలేను" అన్నారు. "కమిటీకి చెప్పకుండా ఉండలేను. చెబితే వాళ్ళేమంటారో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

తెలుసు. ఏడాది చివరికి నేను ఆ గది తాళాలు ఇచ్చేయాలి.

"ఈ చివరి కవిత తీసేయమంటారా మేడం?" అన్నాను, లేస్తూ.

ఆవిడ కాగితం నాకు తిరిగిచ్చారు. "ఎందుకు? ఇందులో ఎవరి పేరూ లేదుగా."

ఆవిడ రాసింది దీనితో జతచేశాను. అచ్చులో ఆ కవితకి విడుపు దగ్గర ఖాళీ గీత ఉంచాం. అది పూరించాల్సింది విడుపు మావయ్యేనని పిల్లల పట్టు. పుస్తకం అచ్చుకి పోయేలోగా పంపండి.

ఇంకో సంగతి. ఇంటావిడకి కూడా చెప్పేశాను. "గోదామూ ఓడరేవూ కాదన్నది నాకెప్పుడో తెలుసులే" అంది. ఈ వీధిలో పొడుపు వేయడం నాకే చేతకాదనుకుంటా.

మీ
పుస్తకాలమ్మ


ప్రియమైన పుస్తకాలమ్మకి,

తిట్టుకోవడానికి కూర్చున్నాను. చేతకాలేదు.

మీ మేడం కాగితం చేరింది. పెద్దాఫీసరు నా ముందే చదివారు. మీసాలాయన్ని పిలిచి "ఎలకటయ్యా" అన్నారు. ఆయన మీసం కిందికి దిగింది. నా పేరు పక్కన గీత తీసేశారు. వదిలే రోజు ఎప్పుడో చెప్పలేదు, వాళ్ళు చెప్పరు. కానీ జాబితాలో ఉన్నాను.

నా తలుపు తీయడానికి నీ తలుపు మూసుకున్నావు. అది తలుచుకుంటే ఇక్కడ అన్నం దిగడం లేదు. ఇన్నాళ్ళూ పొద్దున గంటకి నవ్వు వచ్చేది, ఈ మధ్య అప్పుడు కూడా నువ్వే గుర్తొస్తున్నావు, ఆ ఊచల కిటికీ దగ్గర పుస్తకాలు సర్దుతూ. వచ్చాక నీకు గది కట్టివ్వలేను. బీరువా మాత్రం చెయ్యగలను, రంపం పని వచ్చింది. ఇంటావిడ ఒప్పుకుంటే మెట్ల కింద పెడదాం. చిటపట, నత్త, బూరెబుగ్గలవాడు, వాళ్ళే వస్తారు.

పిల్లల కవిత గదిలో అందరికీ చదివాను. ఎవరూ విడుపు చెప్పలేదు. ముసలాయన గోడకేసి తిరిగి పడుకున్నాడు. కళ్ళజోడు అయ్యగారు కాగితం అంచున పెన్సిలుతో ఏదో రాసి, చెరిపేశారు. ఎంత చూసినా ఏం రాశారో కనిపించలేదు.

ఖైదీ అని రాయమంటారా వాళ్ళు? వద్దు. వాళ్ళు అంత జాగ్రత్తగా దాచినదాన్ని నేనెందుకు బయటపెడతాను? నత్తకి చెప్పు, గడియ అంటే మావయ్యకి ఇన్నాళ్ళూ తెలిసింది గడవని గడియ ఒక్కటేనని, ఆ రెండోది మరిచిపోయాడని. జవాబుకీ విడుదలకీ ఒకే మాట ఉంది కదా, ఆ ఖాళీ గీత మీద ఇలా అచ్చు వేయించు:

విడుపు: విడుపే.

వచ్చిన రోజు నువ్వు రైలు స్టేషనుకి రావద్దు. ఇంట్లోనే ఉండు. నేను లోపలికొచ్చి, తలుపు మూసి, గడియ వేస్తాను. తీస్తాను. మళ్ళీ వేస్తాను. ఎన్నిసార్లు వేసినా, నువ్వు మాత్రం నవ్వకు.

నీ
విడుపు మావయ్య